ఏ కప్పు విప్పాలి

వేంకటాచలం మేస్త్రి నిచ్చెన దిగి, చేతులకంటిన చెదమట్టి దులుపుకుని, ఎవరి మొహమూ చూడకుండా చెప్పాడు.

"ఈ గది ఇంక ఉంచకూడదు తల్లీ. కింద గుంజ పెట్టి నిలబెట్టినా ఇంకో వానకి ఆగదు."

ఆ గది లక్ష్మణమ్మది. మొన్న సాయంత్రం వానకి తూర్పు మూల దూలం కుంగిపోయి, పెంకులు జారి సరిగ్గా ఆమె మంచం మీద పడ్డాయి. ఆ వేళకి ఆమె వంటసాలలో పొయ్యి దగ్గర ఉండబట్టి సరిపోయింది. మంచాన్ని నీలవేణి గదిలోకి మార్చారు. ఒకే మగాడికి పెళ్ళాలై, ఒకే కప్పు కింద ఇన్నేళ్ళు బతికిన ఆ ఇద్దరూ ఒకే గదిలో పడుకోవడం అదే మొదలు.

ఆ మగాడు నరసింగరావు పోయి రెండేళ్ళు దాటింది. రాజాం చుట్టుపక్కల పల్లెల్లో ఆయన పేరు తెలియని రైతు లేడు. పిల్లలు లేరని, పెద్ద భార్య లక్ష్మణమ్మ ఉండగానే నీలవేణిని చేసుకున్నాడు. ఆమెకీ పిల్లలు కలగలేదు. చివరికి జబ్బుపడి విజయనగరం ఆస్పత్రుల చుట్టూ తిరగడంలో ఇద్దరి మెడల్లోని బంగారమూ, మెట్టభూమీ కరిగిపోయాయి. మిగిలిన పల్లపు మడులు ఆయన తమ్ముడి కొడుకు జగన్నాధం పాలుకి చేస్తున్నాడు. ఇప్పుడా ఇంటికి మగదిక్కంటే అతడే.

"ఇల్లంతా ఇప్పి నేయిస్తే ఏమాత్రం అవుతాది మేస్త్రీ?" అని జగన్నాధం అడిగాడు.

మేస్త్రి వేళ్ళు ముడుస్తూ లెక్క చెప్పాడు. వంటసాల ఉరుస్తోంది, చావడి వెనకభాగం ఉరుస్తోంది, నీలవేణి గదికి చూరు పోయింది. కర్ర ధర రాజాంలో నిరుడున్నట్టు లేదు. నాటు పెంకే వేసినా, కూలి కలుపుకుని పదిహేను వందలకి తక్కువ కాదు.

వాళ్ళ దగ్గరున్నవి గింజలమ్మిన ఆరు వందలు.

జగన్నాధం చాలాసేపు గోడకి ఆనుకుని నిలబడ్డాడు. అతడూ ఇవ్వగలిగిన స్థితిలో లేడు, ఈ మధ్యనే అతడి జోడెడ్లలో ఒకటి చచ్చిపోయింది. ఆఖరికి ఒక దారి చెప్పాడు. కూలిపోతున్న గదిని పూర్తిగా విప్పేస్తే, అందులో పనికొచ్చే వాసాలూ పెంకులూ మిగతా ఇంటికి సరిపోతాయి. కొత్తగా కొనేది తక్కువ. ఆరు వందల్లోపే పని తేలిపోతుంది.

"మరి పెద్దమ్మ ఎక్కడుంటాదిరా?" అని నీలవేణి అడగబోయేంతలో లక్ష్మణమ్మే అందుకుంది.

"అలాగే సెయ్యరా బాబూ. నాను నౌపడ ఎల్తాను. మా తమ్ముడికి నిన్ననే కబురెట్టేను."

ఆమె తమ్ముడు చినబాబు నౌపడలో ఉప్పు కొఠార్ల దగ్గర గుమాస్తా. ఆ మాట ఆమె పొరుగూరు పెళ్ళికి వెళ్తున్నట్టు తేలిగ్గా అంది. జగన్నాధం బరువు దిగినట్టు ఒక నిట్టూర్పు విడిచాడు. ఆ నిట్టూర్పు నీలవేణి విన్నది.

ఆమె పెరట్లోకి వెళ్ళిపోయింది.

మేస్త్రి పనిముట్లు కడుక్కోవడానికి నూతి దగ్గరికి వచ్చినప్పుడు నీలవేణి అతడికి మజ్జిగ ఇచ్చింది. ఇస్తూ, రెండు గదులూ పక్కపక్కనే ఉన్నాయి కదా, అప్ప గదికే ఇంత చెద ఎందుకు పట్టిందని అడిగింది. లక్ష్మణమ్మని ఆమె మొదటినుంచీ అప్ప అనే పిలుస్తుంది.

"అది పచ్చి కర్రమ్మా," అన్నాడు మేస్త్రి. "నీ పెళ్ళేడు కట్టిన గది కదా. మా అయ్య కట్టేడు, నాను పెంకులందించేను. పెళ్ళినాటికి అయిపోవాలని నరసింగరావు నాయుడుగారు ఒకటే తొందర. తాటిసెట్లు కొట్టి, ఆరనివ్వకుండానే ఎక్కించేసేరు."

"నా పెళ్ళేడు కట్టింది నా గది గదా?"

"కాదు తల్లీ. నీది పాత గది. పెద్దమ్మగారు కాపరానికొచ్చిన గది అది. ఆ కర్రకేటి, ఇంకో తరం సూస్తాది."

మేస్త్రి మజ్జిగ తాగేసి, గ్లాసు కడిగి నూతి గట్టు మీద బోర్లించి వెళ్ళిపోయాడు. నీలవేణి గ్లాసు తీసుకోవడం మరిచిపోయి అక్కడే నిలబడింది.

మధ్యాహ్నం మళ్ళీ ముసురు పట్టింది. చావడిలోనూ వంటసాలలోనూ కారేచోట పెట్టిన గిన్నెలు టపటపమంటున్నాయి. గదిలో లక్ష్మణమ్మ తన రేకుపెట్టె ముందేసుకుని బట్టలు సర్దుకుంటోంది. నీలవేణి వచ్చి, పెట్టెలోంచి చీరలు తీసి దండెం మీద వేసింది. లక్ష్మణమ్మ లేచి, వాటిని దండెం మీంచి తీసి మడతపెట్టి మళ్ళీ పెట్టెలో పెట్టింది. నీలవేణి మళ్ళీ తీసింది. కాసేపు ఇద్దరూ అదే పని చేశారు.

"ఈ గది నీదని నాకెందుకు సెప్పలేదప్పా?"

లక్ష్మణమ్మ చెయ్యి ఆగింది. "ఎవులు సెప్పేరు? ఆ మేస్త్రేనా? ఆడి నోరాగదు."

"ఎందుకు సెప్పలేదని అడుగుతన్నాను."

"ఏటని సెప్పమంటావు? నువ్వప్పుడు పదారేళ్ళ గుంటవి. బండి దిగినప్పుడు ఏడుస్తన్నావు, మొహవంతా కాటుక. నీతో ఏటని సెప్పాలి? ఇది నా గది, నాకు బాదగా ఉన్నాదని సెప్పనా?"

"బాదపడ్డావా?"

"పడనా? నాను మడిసిని కానేటి?"

ఆ మాట ఆమె కోపంగా అనలేదు. చీర అంచు వేళ్ళతో సరిచేసుకుంటూ, ఎవరి సంగతో చెప్పినట్టు ఆనాటి సంగతులు చెప్పింది. కొత్త గదిలో మొదటి వానాకాలం గోడలు ఆరనేలేదట. పచ్చి సున్నం వాసనకి ఆమెకి నిద్రపట్టేది కాదట. గోడ అవతల కొత్త కోడలు అదే పనిగా దగ్గుతూ ఉంటే, పడుకున్నది లేచి కూర్చునేదట. కొన్నాళ్ళు చెవులు మూసుకుందట. తరువాత వినలేక లేచి పొయ్యి ముట్టించిందట.

"మిరియాల కసాయం ఎట్టి తెచ్చేను. నువ్వు ఒక్క గుక్కలో తాగేసి, నా ఒళ్ళో తలెట్టుకుని పడుకున్నావు. కసాయం కాసి ఇచ్చినాక ఇంకేటి కోపం ఉంటాది?"

ఆ కషాయం నీలవేణికి గుర్తుంది. పుట్టింటిమీద బెంగతో ఉన్న రోజుల్లో ఆ ఇంట్లో మొదట తన నుదుటి మీద చెయ్యి వేసింది ఎవరో కూడా గుర్తుంది. అది ఎవరి గదిలోనో మాత్రం ఇవాళటిదాకా తెలియదు.

"అయితే ఇప్పుడు నన్నొగ్గేసి ఎందుకెల్తన్నావు?"

"ఒగ్గేసి ఎల్లడం కాదే. లెక్క సూడు," అంది లక్ష్మణమ్మ. "నానుంటే గది కావాలి. గదికి కర్ర కావాలి. నాను లేపోతే రెండూ అక్కర్లేదు. ఉన్నది ఆరొందలు. అందులో నువ్వేడాది తినాలి, ఇత్తనాలు కొనాలి. నువ్వింకా సిన్నదానివి, నీకు గట్టి కప్పుండాలి. నాకేటి, తమ్ముడింట్లో ఓ మూల సాలదా?"

ఆ లెక్కలో ఎక్కడా తప్పులేదు. అందుకే నీలవేణికి ఏడుపొచ్చింది. నిండిపోయిన గిన్నె ఒకటి తీసి, నీళ్ళు పారబోసే వంకతో బయటికి వచ్చేసింది.

చూరు కింద నిలబడి నీళ్ళు పారబోస్తూ ఆమె ఇంటివైపు తిరిగి చూసింది. ముందు చావడి. దాని వెనక రెండు గదులు, ఆ వెనక వంటసాల. అన్నీ కలిపినా చావడి అంత లేవు. పార్వతీపురం అవతలి కొండల నుంచి తెప్పించిన కర్రతో నరసింగరావు ముచ్చటపడి కట్టించుకున్న చావడి అది. ఆయన ఉన్న రోజుల్లో తగువులు చెప్పుకునేవాళ్ళతో, చుట్టపొగతో ఎప్పుడూ నిండుగా ఉండేది. ఇప్పుడు వానొస్తే వీధిలోని మేకలు వచ్చి అందులో నిలబడుతున్నాయి.

గిన్నె చేతిలో ఉండగానే ఆమెకి ఆ ఆలోచన వచ్చింది. వచ్చినందుకు భయమూ వేసింది.

మరునాడు పొద్దున్నే ఆమె జగన్నాధాన్ని వెతుక్కుంటూ కళ్ళానికి వెళ్ళింది. దారిలో మేస్త్రి ఇంటి ముందు ఆగి, చావడి కర్రా పెంకూ ఎంతవరకు వస్తాయో అడిగి మరీ వెళ్ళింది. రెండు గదులకీ వంటసాలకీ కూడా సరిపోతాయని, ముందొక చిన్న అరుగు మీదికి కూడా పంచ దించవచ్చని మేస్త్రి చెప్పాడు. సున్నం, కూలీ ఖర్చులు పోగా ఆరు వందల్లో కొంత చేతిలో మిగులుతుందన్నాడు.

జగన్నాధం చచ్చిన ఎద్దు స్థానంలో అరువు తెచ్చిన ఎద్దుని కొత్త కాడికి అలవాటు చేస్తున్నాడు. నీలవేణి ముందూ వెనకా ఏమీ చెప్పకుండా అసలు మాట అనేసింది.

"సావిడి ఇప్పేద్దాం జగన్నాధం."

అతడు ఎద్దు ముకుతాడు వదిలేశాడు.

అతడు కేకలు వెయ్యలేదు. నెమ్మదస్తుడు. తమ ఇంటిని ఊళ్ళో ఈనాటికీ 'సావిడోరి ఇల్లు' అంటారని గుర్తుచేశాడు. పొలం గట్ల తగాదాలకి కోర్టు గడప తొక్కకుండా ఎన్ని కుటుంబాలు ఆ చావడిలో రాజీపడ్డాయో చెప్పాడు. తన చిన్నప్పుడు తండ్రి వెనకే వెళ్ళి ఆ స్తంభాల చాటు నుంచి పెదనాన్నని చూసేవాణ్ణన్నాడు.

"సావిడి పోతే ఆ పేరు పోతాది పిన్నీ."

"పేరు తడవకుండా కప్పేసి, మడిసిని నౌపడ పంపించేద్దావా?"

జగన్నాధం వంగి, జారిన ముకుతాడు అందుకున్నాడు. తరువాత, ఊరి పెద్దలతో ఒక మాట అనకుండా తానేమీ చెయ్యలేనన్నాడు. అంతకన్నా ముందు పెద్దమ్మ ఒప్పుకోవాలి కదా అన్నాడు. ఒప్పుకోదని అతడికి గట్టి నమ్మకం.

ఆ నమ్మకం నిజమే అయింది.

లక్ష్మణమ్మ బియ్యం ఏరుతోంది. నీలవేణి చెప్పింది విని చేట పక్కన పెట్టింది. ఆమె మొహం అలా పాలిపోవడం నీలవేణి ఆయన పోయిన రోజున చూసింది, మళ్ళీ ఇప్పుడు చూసింది.

"నాను బతికుండగా ఆ మాటనకు," అంది లక్ష్మణమ్మ. "ఆయన్ని ఆఖరికి పడుకోబెట్టింది ఆ సావిట్లోనే. నువ్వే గదా తల దగ్గర కూకుని దీపం సూసుకున్నావు. ఆయన కట్టుకున్నది అదొక్కటే. దాన్ని ఇప్పించి నాకు గది కట్టిస్తావా? ఆ గదిలో నాకు నిద్రడతాదా?"

"ఆయన్ని పడుకోబెట్టిన రోజే మనం సావిట్లో కూకున్నాం అప్పా," అంది నీలవేణి. "అంతకు ముందు ఎప్పుడైనా కూకున్నామా?"

లక్ష్మణమ్మ తలెత్తి చూసింది.

నీలవేణి గొంతు పెంచలేదు. "తుడిసేం. ముగ్గులెట్టేం. వచ్చినోల్లకి గుమ్మం కాడనుండి మంచినీళ్ళందించేం. ఏ పంచాయితీ అయినా తలుపు సందునుండే ఇన్నాం. నన్ను సేసుకోవాలన్న మాట కూడా ఆ సావిట్లోనే తేల్చేరంట గదా. అప్పుడు నువ్వెక్కడున్నావు?"

"తలుపెనకాల," అంది లక్ష్మణమ్మ.

ఆమె చేట అందుకుని మళ్ళీ బియ్యం ఏరసాగింది. అనకూడని మాట అన్నానేమోనని నీలవేణి సాయంత్రందాకా కుమిలింది. పొద్దుగూకేవేళ అన్నం వండి, రెండు కంచాల్లో పెట్టి, మూతలు పెట్టింది. ఎవరూ ముట్టుకోలేదు. దీపం పెట్టాక లక్ష్మణమ్మ తనే లేచి వచ్చి పీట వాల్చుకుంది.

"అన్నం సల్లారిపోతన్నాది. తిను."

"నువ్వు తింటే తింటాను."

లక్ష్మణమ్మ ముద్ద కలిపి నోట్లో పెట్టుకుంది. నీలవేణీ తినడం మొదలుపెట్టింది. పప్పులో ఉప్పు వెయ్యడం మరిచిపోయిన సంగతి ఇద్దరికీ తెలిసింది గాని, ఎవరూ అనలేదు.

మర్నాడు వాన తెరిపిచ్చింది. ఇంకా ఎండ ముదరకముందే చినబాబు దిగాడు. చీపురుపల్లిలో రైలు దిగి, దొరికిన మొదటి బస్సెక్కి వచ్చాడు. అక్కగారిని తీసుకుపోవడానికి గొడుగూ, దారిలో తినడానికి అరటిపళ్ళూ తెచ్చాడు. ఇంట్లో ఆమెకోసం వీధి గది ఖాళీ చేయించానని, పిల్లలు ఎదురుచూస్తున్నారని ఉత్సాహంగా చెబుతున్నాడు. మంచివాడు. అతడి మంచితనమే నీలవేణికి కష్టంగా తోచింది. చెడ్డవాడైతే వద్దనడానికి ఒక వంకైనా ఉండేది.

అతడు రేకుపెట్టె ఎత్తి చావడి మెట్ల దగ్గర పెట్టేసరికి, వేంకటాచలం మేస్త్రి ఇద్దరు కూలీలతో వచ్చాడు. నిచ్చెన భుజం మీంచి దించి, ఇద్దరు ఆడవాళ్ళనీ మార్చి మార్చి చూశాడు.

"ఎటెయ్యమంటారు తల్లీ? గదికా, సావిడికా?"

చెప్పవలసిందంతా నీలవేణి చెప్పేసింది. ఇంకా చెబితే అది అప్ప చెయ్యి పట్టుకుని లాగినట్టే అవుతుంది. గుమ్మం పట్టుకుని నిలబడింది.

లక్ష్మణమ్మ ప్రయాణానికని కట్టుకున్న నేత చీరలో ఉంది. మెట్ల మీది పెట్టెకేసి చూసింది. కప్పుకేసి చూసింది. తరువాత మెల్లగా నడిచి చావడి మధ్యకి వెళ్ళింది. అక్కడ గోడవార నరసింగరావు కూర్చునే వెడల్పాటి చెక్క మంచం ఉంది. ఆయన పోయాక దానిమీద ఎవరూ కూర్చోలేదు, దుమ్ము తుడుస్తారంతే.

ఆమె దానిమీద కూర్చుంది.

చినబాబు తెల్లబోయి చూశాడు. కూలీల్లో ఒకడు చేతిలోని పలుగు కింద పెట్టేశాడు.

ఆమె మాత్రం సుఖంగా లేదు. కాళ్ళు ఎలా పెట్టుకోవాలో తెలియనట్టు ఒకసారి కిందకి దించింది, ఒకసారి ముడుచుకుంది. అక్కడి నుంచి వీధి ఆ చివరి దాకా కనిపిస్తోంది. ఎదురింటి దాలమ్మ కళ్ళాపి చల్లడం ఆపి ఇటే చూస్తోంది. ఇంతకాలం ఆ ఇంట్లో ఉండి ఆమె ఆ వీధిని అలా ఎప్పుడూ చూడలేదు.

"నీలా," అని పిలిచింది. "కాఫీ ఎట్టేవు గదా. ఇక్కడికే తే. నువ్వూ రా, కూకో."

నీలవేణి నాలుగు గ్లాసులూ పళ్ళెంలో పెట్టుకుని వచ్చింది. చినబాబుకీ మేస్త్రికీ ఇచ్చింది. లక్ష్మణమ్మ మంచం మీద కొంచెం పక్కకి జరిగి, చోటు చూపించింది. నీలవేణి అంచు మీద ఒదిగి కూర్చుంది. ఇద్దరూ కాఫీ తాగారు. వీధిలో పోయేవాళ్ళు నడక తగ్గించి చూసి, తలవంచుకుని పోతున్నారు.

గ్లాసు ఖాళీ అయ్యాక లక్ష్మణమ్మ మేస్త్రితో అంది.

"ఇయేల్టికి వద్దు మేస్త్రీ. రేపు రా. సావిడికే నిచ్చెనెయ్యి. ఇయేల మమ్మల్ని కూకోనీ."

నీలవేణి గ్లాసు కింద పెట్టేసి, కొంగుతో మొహం దాచుకుంది. లక్ష్మణమ్మ ఆమె వైపు తిరగలేదు. తిరిగితే తనకీ ఏడుపొస్తుందని తెలుసు. తమ్ముడితో మాత్రం, వచ్చినవాడు రెండు రోజులుండి వెళ్ళమని, కూలీల దగ్గర నిలబడి పెంకులు పగలకుండా దింపించమని చెప్పింది. చినబాబు అక్కనీ, పెట్టెనీ చూసి, గొడుగు తెచ్చి స్తంభానికి తగిలించాడు.

అప్పుడే వీధి మలుపులో జగన్నాధం కనిపించాడు. ఒంటరిగా రాలేదు. వెనకాల ఊరి పెద్దలున్నారు, నరసింగరావుతో కలిసి ఆ చావడిలో తగువులు తీర్చినవాళ్ళే. ఉతికిన పంచెలు కట్టుకుని, ఏదో నిశ్చయించుకున్నట్టు గబగబా నడిచి వస్తున్నారు.

మెట్ల దగ్గరికి వచ్చి వాళ్ళంతా ఒక్కసారి ఆగిపోయారు.

ఎప్పుడు వచ్చినా తిన్నగా పైకి ఎక్కి కూర్చునేవాళ్ళే. ఇవాళ ఎక్కవచ్చునో లేదో ఎవరికీ తోచలేదు. అందరికన్నా పెద్దవాడు మొదటి మెట్టు మీద కాలు పెట్టి, జగన్నాధం వైపు చూశాడు. జగన్నాధం పెద్దమ్మ వైపు చూశాడు.

లక్ష్మణమ్మ తల మీద కొంగు సర్దుకుంది గాని, లేవలేదు.

"రండి," అంది. "మీరొచ్చిన పనేటో నాకు తెలుసు. కూకుని సెప్పండి, మేవిద్దరవూ ఇంటాం."

నీలవేణి అలవాటు కొద్దీ లేవబోయింది. లక్ష్మణమ్మ ఆమె చెయ్యి గట్టిగా పట్టుకుని కూర్చోబెట్టింది.